దమ్ము ఇవ్వని వంత

మావందికుంట ఎల్లమ్మ జాతర వైశాఖంలో జరుగుతుంది. బోధన్ నుంచి మంజీర వైపు పోయే బండ్లబాటలో చెరుకు తోటలు దాటితే, నల్లరేగడి భూముల నడుమ ఒక మొరం దిబ్బ కనిపిస్తుంది. అమ్మవారి గద్దె ఆ దిబ్బ మీదే. ఈ కథ జరిగింది బోధన్‌లో షక్కర్ ఫ్యాక్టరీ పొగగొట్టం లేచిన మరుసటి ఏడు. కాలువ నీళ్లు వచ్చి చెరుకు పండుతున్న కాలం గనుక జాతరకు జనం విరగబడి వచ్చారు. దేగ్లూరు వైపు నుంచి గాజులమ్మే మరాఠీ ఆడవాళ్లు, ముర్మురాలు, పుట్నాలు, చక్కెర చిలకలు అమ్మేవాళ్లు దిబ్బ కింద వరుసగా దుకాణాలు పరిచారు. కొత్తగా కట్టిన బోనాల వేపాకు వాసన, బెల్లం పాకం వాసన, బండ్ల కింద పశువుల పేడ వాసన అన్నీ కలిసిపోయి ఆ వేడిగాలిలో తేలుతున్నాయి.

అయితే జాతరకు అసలు ప్రాణం ఒగ్గుకథ. ఒగ్గు అంటే డమరుకం లాంటి చిన్న వాయిద్యం. అది చేతపట్టి అమ్మవారి కథ చెప్పే ఆయన కథకుడు. ఆయనకు ఎదురుగా నిలబడి, ప్రతి మాటకూ "ఆహా" అంటూ, "అప్పుడేమయింది?" అని అడుగుతూ కథను ముందుకు లాగే ఆయన వంత. వెనక డోలు, తాళాలు. జనం కథకుణ్ణే మెచ్చుకుంటారు గానీ కథను బతికించేది వంత. అదెట్లాగో ముందే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

కథకు ముందు నేల మీద పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో పట్నం వేస్తారు. పట్నం అంటే అమ్మవారు వచ్చి కూర్చునే ముగ్గు. దాని ముందు నిలబడి అమ్మను పిలిచాక, ఘట్టం ముగిసేదాకా కథకుడు అక్కణ్ణుంచి కదలకూడదు. "నాకు దూప అవుతోంది" అని సొంత మాట ఒక్కటీ అనకూడదు. అప్పుడు ఆ నోరు అమ్మది. మరి గొంతు ఎండితే ఎట్లా? చెవికి ఆనించుకున్న ఎడమచెయ్యి తీసి మెడ మీద పెట్టుకుంటాడు. అంతే. ఎదురుగా ఉన్న వంత అది చూసి, కథను తన గొంతులోకి తీసుకుని, ఒక పదాన్ని సాగదీసి పాడతాడు. ఆలోపు కథకుడు కాళ్ల దగ్గరి ముంత ఎత్తి నీళ్లు తాగుతాడు. దీన్నే దమ్ము ఇవ్వడం అంటారు. వంత దమ్ము ఇవ్వకపోతే కథకుడు ఆగడానికి లేదు. డోలు ఆయనకు కథకుడి వీపే కనిపిస్తుంది. జనానికి మెడ మీది చెయ్యి కూడా పాటలో భాగంలాగే ఉంటుంది. చూడవలసినవాడు ఒక్క వంత.

ఆ ఏడు కథకుడు రాజలింగు. కిందటి ఏడు దాకా అతడు వంత.

పొద్దు వాలుతుండగా మేళం వాళ్లు గద్దె పక్కన తడికల నీడలో కూర్చున్నారు. ముసలి లింబయ్య గడ్డి మంట వేసి డోలు చర్మం కాస్తున్నాడు. కొత్త వంత ఆత్మారాంకు నోరు ఊరుకోదు.

"లింబన్నా, గీ ఎండకు మంటెందుకే? నీ బట్టతల మీద బోర్లిస్తే డోలు గదే బిగుస్తది గదా!"

"నీ నాలుకను మంట మీద కాస్త రా. అదన్న జర కుదురుగ ఉంటది," అన్నాడు లింబయ్య తల ఎత్తకుండానే.

తాళాల వాళ్లు నవ్వారు. రాజలింగు నవ్వలేదు. ఆత్మారాం అతని పక్కకు జరిగి, "ఏందన్నా, గంత గుబులు? దూపయితే మెడ మీద చెయ్యి వెయ్యి. నా కన్ను నీ మీదనే ఉంటది," అన్నాడు.

ఆ మాట వినగానే రాజలింగు లేచి తడిక అవతలికి పోయాడు.

అక్కడ అప్పుడే ఒక బండి ఆగింది. మాక్లూర్ నుంచి హన్మవ్వ వచ్చింది. రాజలింగుకు కథ నేర్పిన ముత్తన్న భార్య ఆమె. ముత్తన్న ముప్పై ఊళ్లకు పేరున్న కథకుడు. కిందటి ఏడు ఇదే జాతరలో, ఇదే పట్నం ముందు, కథ చెబుతూ చెబుతూ కూలిపోయాడు. వడదెబ్బ అన్నారు. అమ్మ తన కథలోనే తనవాణ్ణి పిలుచుకుందన్నారు. ఎంత అదృష్టం అన్నారు. అందుకే ఈసారి ఊరి పెద్దలు కథను మధ్యాహ్నం నుంచి మాపటికి మార్చారు.

"బక్కగయినవ్ రాజలింగూ," అంది హన్మవ్వ బండి దిగుతూ. "నీకు వండిపెట్టేటోళ్లు లేరా, నువ్వే తింటలేవా?"

"తింటున్న వదినె."

"తింటే గిట్లుంటవా? మీ అన్న కూడ గిట్లనే. కథ ఉన్ననాడు ముద్ద దిగకపోయేది. దవడకు ఇంత వాము పెట్టుకుని తిరిగేటోడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు లేకుంటే ఆయన కథ సగంల పోయేది తమ్మీ. పడిపోయినోని చేతులకెళ్లి ఒగ్గు తీసుకుని కథ పూర్తి చేసినవ్. అందరు నాకు చెప్పిన్రు. ఇయ్యాల నా చేతి మీదంగ ఇచ్చేస్త. ఇగ అది నీదే."

అది ఆ ఇంటి ఆనవాయితీ. కథకుడు పోతే ఏడాది దాకా ఒగ్గు అరువు వస్తువే. ఏడాది నిండాక, కథ ముగిసిన చోటే, పోయినవాని భార్య గానీ తల్లి గానీ కొత్తవాని దోసిట్లో పసుపు పోసి, "ఇది నీకెట్ల వచ్చింది?" అని అడుగుతుంది. పసుపు చేతిలో ఉండగా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పాక ఆమె ఆ దోసిట్లోనే నీళ్లు పోస్తుంది. అవి తాగితే ఒగ్గు అతనిది, ఆ ముప్పై ఊళ్లూ అతనివి. అడిగేదీ ఒక్క మాట, చెప్పేదీ ఒక్క మాట.

ఆ ఒక్క మాట కోసమే రాజలింగుకు ఏడాదిగా నిద్ర లేదు.

ఎందుకంటే ముత్తన్న మెడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. రాజలింగు చూశాడు.

చంపాలని కాదు. ఆ మాట అతడు తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు, అది నిజమే కూడా. అంతకు ముందురోజు ఊరి పటేల్ భుజం తట్టి, "గొంతు నీది రా. ముత్తన్నకు దమ్ము తక్కువయింది," అన్నాడు. ఆ మాట లోపల పుండులా సలిపింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అన్న గొంతు జనం ముందు పగలనీ, అందరికీ తెలవనీ అనుకున్నాడు. నడి మధ్యాహ్నం ఎండ. ముత్తన్న చెయ్యి చెవి మీద నుంచి మెడ మీదకు జారింది. రాజలింగు చూపు తిప్పుకుని గద్దె మీది వేపమండల వైపు చూస్తూ "ఆహా" అన్నాడు. ఆ తర్వాత చూసిన ప్రతిసారీ ఆ చెయ్యి మెడ మీదకే పోయింది. ప్రతిసారీ "ఆహా, అప్పుడేమయింది?" అన్నాడు. వంత అడిగితే కథకుడు చెప్పి తీరాలి. ముత్తన్న చెప్పాడు. చెబుతూనే మోకాళ్ల మీద కూలాడు.

అప్పటికైనా నీళ్లు అని అరవచ్చు. అరవలేదు. కథ ఆగకూడదని ఒగ్గు అందుకున్నాడు. ఆ పూట అతని గొంతు ఎన్నడూ పలకనంత బాగా పలికింది. జనం ఊగిపోయారు. కథ ముగించి చూసేసరికి బండి నీడలో పడుకోబెట్టిన ముత్తన్న మీద గొంగడి కప్పేశారు.

"చివర్ల నీతోని ఏమన్న అన్నడా?" అని హన్మవ్వ ఇప్పుడు మెల్లగా అడిగింది.

"ఏమనలే వదినె. అమ్మ పేరు తలుచుకున్నడు."

ఆమె కళ్లు నిండాయి. "గంతేగా, ఆయన నోట ఇంకేమొస్తది," అంది.

పొద్దు గూకింది. గ్యాసుబత్తీలు వెలిగించి గుంజలకు కట్టారు. పురుగులు వాటి చుట్టూ ముసిరాయి. లింబయ్య డోలు మీద మొదటి దెబ్బ వేసేసరికి దుకాణాల దగ్గరి గోల సర్దుమణిగింది. జనం దిబ్బ నిండా కూర్చున్నారు. ముందు వరుసలో హన్మవ్వ. ఒడిలో ఇత్తడి చెంబు, పసుపు పొట్లం.

రాజలింగు పట్నం ముందు నిలబడి అమ్మను పిలిచాడు. గొంతు బాగానే లేచింది. ఆత్మారాం హుషారుగా "ఆహా" అంటున్నాడు. మొదటి ఘట్టం నవ్వులతో సాగింది. రెండో ఘట్టానికి ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. రాజలింగు గుండెలో బరువు కాస్త దిగింది. ఇట్లాగే అయిపోతుందనుకున్నాడు.

అప్పుడు అమ్మవారు మండుటెండలో ఊరూరా తిరిగే ఘట్టం వచ్చింది. ముత్తన్న కూలిన ఘట్టం అదే.

"ఎండలు గాసె… బండలు పగిలె…"

"ఆహా, బండలు పగిలె."

"గుక్కెడు నీళ్లకు గుమ్మం గుమ్మం ఎక్కె…"

"ఆహా, గుమ్మం ఎక్కె."

గొంతు ఒక్కసారిగా ఎండింది. కొద్దికొద్దిగా కాదు… ఎవరో ఊది ఆర్పినట్టు, నోట్లో తడి అంతా పోయింది. నాలుక అంగిటికి అంటుకుంది. రాజలింగు ఎడమచెయ్యి మెడ మీద పెట్టుకున్నాడు.

"ఆహా, అప్పుడేమయింది?"

దమ్ము రాలేదు. ఆత్మారాం చూడలేదేమో. గ్యాసుబత్తి అతని వీపు వెనక ఉంది. ముఖం చీకటిగా, ఒక ఆకారంలా మాత్రమే కనిపిస్తోంది. రాజలింగు ఇంకో రెండు చరణాలు లాగాడు. మళ్లీ మెడ మీద చెయ్యి వేశాడు. ఈసారి గట్టిగా, అందరికీ కనిపించేట్టు.

"ఆహా, అప్పుడేమయింది?"

గాలి లేదు. ఎక్కణ్ణుంచో సన్నగా వాసన వచ్చింది. వాము. నమిలిన వాము, దానితో కలిసి ఎండకు వేడెక్కిన గొంగడి వాసన.

అప్పుడు గమనించాడు… "ఆహా" చివర చిన్న గురక ఉంది. ఊపిరి చాలని మనిషి గొంతులో ఉండే గురక. ఆ "ఆహా" తన చరణం పూర్తి కాకముందే వస్తోంది. అనబోయే మాట ముందే తెలిసినట్టు.

"ఊర్ల ఎవ్వరు నీళ్లియ్యలే…" అన్నాడు రాజలింగు.

"ఊరోళ్లు సరే." గొంతు నింపాదిగా అడిగింది. "పక్కన తోడున్నోడు ఏం జేసిండు?"

కథలో ఆ ప్రశ్న లేదు. ఏ వంతా, ఏనాడూ అడిగిన ప్రశ్న కాదు. కానీ వంత అడిగాడు. చెప్పాలి.

"తోడున్నోడు… తోవ జూపిండు."

"తోవ జూపిండా… మొఖం దిప్పుకున్నడా?"

జనంలో గుసగుస. "కొత్తగ చెప్తున్నడు రా, ఇనుండ్రి," అన్నారెవరో. డోలు ఆగలేదు. లింబయ్య వెనక నుంచి దరువు పెంచాడు. రాజలింగు చెంపల మీద చెమట కారింది, పెదవి మీదకు దిగేలోపే ఆరిపోయింది.

"ఎండ… కండ్లల్ల ఎండ గొట్టింది. ఆయనకు కనబడలే."

"దూప అన్నది గదా. ఇనబడలేదా?"

"ఇనబడలే."

"చెయ్యి లేపి జూపింది గదా. చూడలేదా?"

కాళ్ల దగ్గర ముంత ఉంది. వంగి ఎత్తితే నీళ్లు. వంగడానికి లేదు. దమ్ము ఇవ్వలేదు.

"చూడలే," అన్నాడు.

"మంచిగ చెప్పినవ్," అంది ఆ గొంతు.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. చిన్నప్పుడు గొర్రెల మంద పక్కన కూర్చోబెట్టుకుని ముత్తన్న కథ నేర్పిన నాటి మాట అది. తప్పు పాడినా ఒప్పు పాడినా ముందు "మంచిగ చెప్పినవ్" అనేవాడు. ఆ తర్వాత ఇంకో మాట అనేవాడు.

"మల్లొక్కసారి చెప్పు."

అదే వచ్చింది.

"చూడలే," అన్నాడు రాజలింగు.

"మల్లొక్కసారి చెప్పు."

"చూడలే… చూడలే…"

జనం దాన్ని పల్లవి అనుకున్నారు. చప్పట్లు అందుకున్నారు. దిబ్బ దిబ్బంతా ఒక్క గొంతుతో "చూడలే… చూడలే…" అని పాడింది. ఆడవాళ్లు, మగవాళ్లు, అందరూ. ముందు వరుసలో హన్మవ్వ కూడా చప్పట్లు కొడుతూ, కన్నీళ్లతో పాడుతోంది. "చూడలే… తోడున్నోడు చూడలే…"

ఆ తర్వాత కథ ఎట్లా ముగిసిందో అతనికి తెలియదు. అమ్మవారు గద్దె ఎక్కింది. మంగళహారతి అయింది. డోలు ఆగింది. ఈలలు, కేకలు.

రాజలింగు ముంత మీద పడి ఎత్తాడు. నీళ్లు నోట్లో పోసుకున్నాడు. గడగడ తాగాడు. ముంత ఖాళీ అయింది. గొంతు ఎండినట్టే ఉంది. ఇసుక మీద పోసినట్టు, నీళ్లు ఎటు పోయాయో తెలియలేదు.

ఆత్మారాం వచ్చి భుజం పట్టుకున్నాడు. అతని కళ్లలో భయం లేదు, నిష్టూరం ఉంది.

"ఏందన్నా గిట్ల జేస్తివి? మెడ మీద చెయ్యి వెయ్యంగనే దమ్ము ఇచ్చిన. పదం ఎత్తుకున్న. నువ్వు ఆపితేనా! మల్ల ఇచ్చిన, మల్ల ఆపలే. ఇగ నేనెందుకని నోరు మూసుకున్న."

"నువ్వు… నోరు మూసుకున్నవా?"

"మూసుకోకేం జెయ్యాలె? అడిగేది నువ్వే, చెప్పేది నువ్వే అయితివి. రెండు గొంతులు ఎట్ల పలికినవో గని జనం మాత్రం పాగలయిండ్రు. లింబన్నను అడుగు."

లింబయ్య డోలు దించుతూ రాజలింగును ఎగాదిగా చూశాడు. ముసలాయన ముఖంలో నవ్వు లేదు.

"అచ్చం ముత్తన్న గొంతు," అన్నాడు. "గా గురక తోని సహ. గట్ల చెయ్యకు బిడ్డా. పోయినోళ్ల గొంతు తియ్యద్దు."

మిగిలిన గడ్డి మంట కాలితో తొక్కి ఆర్పి అవతలికి పోయాడు.

హన్మవ్వ పట్నం దగ్గరకు వచ్చింది. ఊరి పెద్దలు కొంచెం దూరంగా నిలబడ్డారు. ఇది ఆ ఇంటివాళ్ల పని కదా, దగ్గరకు ఎవరూ రారు. ఆమె ఎదురుగా కూర్చుంది. అతడూ కూర్చుని దోసిలి పట్టాడు. ఆమె పొట్లం విప్పి పసుపు పోసింది. ఒగ్గును ఇద్దరి మధ్య పెట్టింది.

"ఇది నీకెట్ల వచ్చింది రాజలింగూ?"

చెప్పేయాలనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు. వదినె, అన్న నన్ను నీళ్లడిగిండు… ఆ మాట నాలుక దాకా వచ్చింది. చెబితే ఒగ్గు పోతుంది. ముప్పై ఊళ్లు పోతాయి. అది కాదు. చెబితే ఈమె ఇందాక బండి దిగుతూ చూసిన చూపు మళ్లీ ఎన్నడూ చూడదు. బక్కగయినవ్ అనదు. ఈ లోకంలో అతణ్ణి ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే. పైగా ఇత్తడి చెంబు ఆమె మోకాలి పక్కనే ఉంది. లోపల నీళ్లు గ్యాసుబత్తి వెలుగుకు మెరుస్తున్నాయి. ఒక్క మాట అనేస్తే ఆ నీళ్లు దోసిట్లోకి వస్తాయి. ఈ దూప తీరేది ఆ నీళ్లతోనే అని అతనికి ఎందుకో అనిపించింది.

"అన్ననే ఇచ్చిండు వదినె," అన్నాడు. గొంతు పొడిగా గీరుకుంది. "కిందవడంగ తన చేతుల తోని నాకిచ్చిండు. ఇంకేమడగలే."

హన్మవ్వ తల ఊపింది. చెంబు ఎత్తింది. దోసిటి మీదకు వంచింది.

వంచి… ఆగింది.

నీళ్లు చెంబు అంచు దాకా వచ్చి నిలిచాయి. ఆమె తల కొంచెం పక్కకు వాలింది. రాజలింగు కుడిభుజం మీదుగా, వెనక్కి చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు. అతడు తిరిగి చూశాడు. తొక్కిన మంట, ఒరిగిన తడిక, దాని అవతల చెరుకుతోటల చీకటి.

"వదినె…"

"నువ్వాగు." ఆమె అతని వైపు చూడలేదు. గొంతు మెత్తగా ఉంది, చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు. "ఆయనను చెప్పనీ."

ఆ రాత్రి మొదటిసారి రాజలింగుకు ఏమీ వినిపించలేదు. గురక లేదు. "ఆహా" లేదు. వాము వాసన కూడా లేదు. ఎంత చెవి పెట్టినా ఏమీ లేదు. హన్మవ్వ మాత్రం వింటోంది. చెంబును మెల్లగా నిలబెట్టి ఒడిలో పెట్టుకుంది. నెత్తి మీదకు కొంగు లాక్కుంది. కథ వినేటప్పుడు ఆడవాళ్లు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుని, మధ్యమధ్య "ఊఁ" కొడుతోంది.

"ఊఁ… ఊఁ…"

అతడు దోసిలి ముందుకు చాచాడు. నీళ్లు అని అడగబోయాడు. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. పసుపు అంటిన చెయ్యి దానంతట అదే లేచి మెడ మీదకు పోయింది. ఆమె ఎదురుగానే ఉంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. అయినా ఆమె చూపు అతని మీద లేదు.

"మెడ మీద చెయ్యి… ఎన్నిసార్లు?" అని అడిగింది హన్మవ్వ ఆ చీకటిని.

తర్వాత కుడిచెయ్యి ఎత్తి, లెక్క మరిచిపోకుండా ఉండడానికి అన్నట్టు, బొటనవేలిని చిటికెనవేలి మొదటి కణుపు మీద పెట్టింది. అక్కణ్ణుంచి రెండో కణుపు. మూడోది. పక్క వేలు. ఆ పక్క వేలు.

"ఊఁ… ఊఁ…"

చెయ్యి అయిపోయింది. ఆమె చెంబును కింద పెట్టి, ఎడమచెయ్యి అందుకుంది.